మీ ఊరి ఏటి బ్రిడ్జి ఎప్పటిదో కనుక్కోవడం ఎట్లా

మా ఊర్లో ఏ పెద్దమనిషిని అడిగినా ఒకటే మాట, "అది బ్రిటిషోళ్ళు కట్టింది లేప్పా, అందుకే ఇంకా అట్ల నిలబడింది" అని. ఇంకొంచెం గుచ్చి అడిగితే "మన్రో దొర కట్టించినాడు" అంటారు. నేనూ చిన్నప్పటినుంచి అదే నమ్మినా, ఎవరైనా కొత్తోళ్ళు వస్తే బ్రిడ్జి మీద బండి ఆపి మరీ చెప్పేవాణ్ణి. మొన్నామధ్య మా పిల్లోడికి స్కూల్లో మన ఊరి చరిత్ర రాసుకురమ్మని ప్రాజెక్టు ఇచ్చినారు, వాడు "ఏ సంవత్సరంలో నాయనా" అని ఒక్క ముక్క అడిగినాడు, నా దగ్గర జవాబు లేదు. దాంతో మొదలైంది, దాదాపు ఏడాదిన్నర పట్టింది. ఆ తిరుగుడులో నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నా. మాది కడప జిల్లాలో పెన్న ఒడ్డు, పేరు ఎందుకులే, కర్నూలు అనంతపురం వైపు ఏటి ఒడ్డు ఊర్లన్నిటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఆ మన్రో కథ తేల్చుకుందాం, ఎందుకంటే సీమలో ప్రతి పాత కట్టడాన్నీ ఆయన ఖాతాలోనే వేస్తారు. థామస్ మన్రో 1800లో దత్త మండలాలకు, అంటే మన సీమ వైపుకు, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినాడు, 1807లో వెళ్ళిపోయినాడు, తర్వాత మద్రాసు గవర్నరై మళ్ళీ ఇటు పర్యటనకు వచ్చి 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోయినాడు. ఆయన మంచోడే, ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్న ఊర్లున్నాయి, కాదనట్లేదు. కానీ ఆ కాలంలో పెన్న లాంటి ఏటికి అడ్డంగా పిల్లర్లు లేపి రోడ్డు వేసే ఏర్పాటే లేదు, మద్రాసు వాళ్ళకు పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు వచ్చిందే 1850లలో. అందుకని ఎవరైనా మన్రో అన్నా, కాటన్ దొర అన్నా నోటుబుక్కులో రాసుకోండి, కానీ పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకోండి.

ఇంకో సంగతి, "ఎప్పుడు కట్టినారు" అనే ప్రశ్నకు ఒక్క తేదీ దొరుకుతుందని అనుకోవద్దు, నేను మొదటి నాలుగు నెలలు ఈ తప్పే చేసినా. బ్రిడ్జికి మంజూరైన ఏడు ఒకటి, శంకుస్థాపన చేసిన ఏడు ఒకటి, బండ్లు తిరగడం మొదలైన ఏడు ఒకటి, ఏరొచ్చి ఒక పక్క కొట్టుకుపోయిన ఏడు ఒకటి, దాన్ని మళ్ళీ కట్టింది, తర్వాత బస్సుల కోసం వెడల్పు చేసింది, ఇవన్నీ వేరువేరు. ఊర్లో ఒకాయన ఒక సంవత్సరం చెప్పి ఇంకొకాయన వేరేది చెబితే ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు, ఒకరు శంకుస్థాపన చూసినారు, ఇంకొకరు మొదటి బస్సు ఎక్కినారు. నోటుబుక్కులో ఒక్కో పేజీ ఒక్కో తేదీకి కేటాయించుకోండి, చాలా గొడవ తగ్గుతుంది.

మన ఏర్ల తీరు కూడా తెలిసుండాలి. పెన్న నంది కొండల్లో పుట్టి హిందూపురం పక్కనుంచి వచ్చి పామిడి, తాడిపత్రి, గండికోట, జమ్మలమడుగు, సిద్దవటం చూసుకుని నెల్లూరు పోతుంది, కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు మనకు కనబడేది ఇసుకే. చిత్రావతి అంతే, పాపాఘ్ని అంతే, చెయ్యేరూ అంతే. ఎద్దుల బండి ఇసుకలో దిగి ఎక్కగలిగినన్ని రోజులు సర్కారుకు బ్రిడ్జి అవసరం కనబడదు, ఏరు వచ్చే ఆ కొన్ని వారాలకు జనం ఒడ్డున కూర్చుని తగ్గేదాకా కాచుకునేవాళ్ళు. అందుకే చాలా ఊర్లలో ముందు వచ్చింది చప్టా, అంటే నీళ్ళు పైనుంచి పారేట్టు నేలబారుగా వేసింది, హైలెవల్ బ్రిడ్జి దాని తర్వాత ఎప్పుడో వచ్చింది. కర్నూలు దగ్గర తుంగభద్ర కథ వేరు, అక్కడ నీళ్ళు ఎక్కువ రోజులుంటాయి కాబట్టి పుట్టిలో దాటేవాళ్ళు, వెదురుతో గుండ్రంగా అల్లి తోలు కప్పిన గంప లాంటి పడవ, దాంట్లోనే మనుషులు, దాంట్లోనే మేకలు. మీ ఊర్లో రేవు అనే పేరుతో ఏదైనా వీధో, గుడి దగ్గర మెట్లో ఉంటే అక్కడ నిలబడి అవతలి ఒడ్డు చూడండి, పాత దారి ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కిందో దాదాపు తెలిసిపోతుంది. మా ఊర్లో పాత బండ్ల బాట బ్రిడ్జికి బాగా దిగువన ఉంది, ఇప్పుడు అది కంపచెట్ల మధ్యలో ఉంది, ఎవరూ పోరు.

సరే, పని మొదలుపెట్టేది కాగితాలతో కాదు, బ్రిడ్జి కిందనుంచి. ఏప్రిల్ మే నెలల్లో, పొద్దున్నే, ఏరు ఎండినప్పుడు పోండి. ఒక్కరే పోవద్దు, ఇసుక తోడిన గుంతలు ఎక్కడుంటాయో తెలీదు, స్లాబ్ కింద తేనెపట్టు కూడా ఉంటుంది, మాకు రెండు కనబడినాయి, దూరంగా ఉండే ఫోటో తీసుకున్నాం. పైన డ్యాములున్న ఏరైతే నీళ్ళు వదిలినారేమో ముందు కనుక్కోండి. ఒక టేపు, ఒక టార్చి, ఒక మేకు, ఫోను, అంతే.

కింద చూడాల్సింది ముందుగా రాళ్ళ మధ్య అతుకు. బయటికి సిమెంటు పూత కనబడుతుంది, దాన్ని చూసి మోసపోవద్దు, అది తర్వాత రిపేరులో పూసింది. ఎక్కడైనా పూత ఊడిన చోట లోపలికి టార్చి వేసి మేకుతో కొంచెం గీకండి. సిమెంటైతే బూడిద రంగులో గట్టిగా ఉంటుంది, మేకు జారుతుంది. గానుగ సున్నమైతే తెల్లగా పొడి రాలుతుంది, మధ్యలో జొన్న గింజంత తెల్లటి సున్నం ముద్దలు, ఇటుక పొడి ఎర్రెర్రగా కలిసి ఉంటుంది. మా బ్రిడ్జిలో మొదటి మూడు పిల్లర్లు కింద మనిషెత్తు దాకా సున్నం, ఆ పైన సిమెంటు. అది చూసినప్పుడే అనుమానం వచ్చింది, ఇది ఒక్కసారి కట్టింది కాదని. అయితే సున్నం కనబడింది కదా అని బ్రిటిష్ కాలం అని తీర్పు చెప్పేయొద్దు, మన దగ్గర సున్నంతో కట్టడం సిమెంటు వచ్చినాక కూడా చాలా ఏళ్ళు నడిచింది. రాతి ఆర్చీలకూ అదే మాట.

తర్వాత స్లాబ్ అడుగున చూడండి, పెచ్చులూడి కమ్మీలు బయటపడిన చోటు ఏదో ఒకటి ఉంటుంది. నాకు ఈ చిట్కా చెప్పింది మా ఊరి మేస్త్రీ. కమ్మీ నున్నగా, గుండ్రంగా, మన కిటికీ చువ్వ లాగా ఉంటే అది పాత మైల్డ్ స్టీలు, దాదాపు 1960ల దాకా అదే వాడినారు. తాడు మెలిపెట్టినట్టు మెలికలుంటే టోర్ స్టీలు, అది దాని తర్వాతి కాలం. ఇప్పుడు మనం ఇళ్ళకు వాడే గాట్లున్న టీఎంటీ 1990ల నుంచి వచ్చింది. మా బ్రిడ్జికి మధ్యలో అంతా నున్న కమ్మీ, రెండు పక్కలా అంచుల్లో మెలికల కమ్మీ. అంటే మధ్య భాగం పాతది, అటూ ఇటూ తర్వాత వెడల్పు చేసినారు. ఆ అతుకు గీత స్లాబ్ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ళ మరకతో సహా కనబడుతుంది, ఇన్నేళ్ళు పైనుంచి తిరిగినాం, ఒక్కరికీ తెలీదు.

టేపుతో ఒక్క కానా అయినా కొలవండి, పిల్లరు మధ్య నుంచి పిల్లరు మధ్యకు. అడుగుల్లో చక్కగా 30, 40, 60 అని పడితే మెట్రిక్ కొలతలు రాకముందు గీసిన డిజైను అయ్యుండొచ్చు, మన దేశంలో మెట్రిక్ 1958 నుంచి మెల్లగా వచ్చి 1962కల్లా తప్పనిసరి అయింది. మీటర్లలో చక్కగా 10, 15 అని పడితే ఆ తర్వాతది. రైలు బ్రిడ్జిలకు మాత్రం ఈ లెక్క చెల్లదు, వాళ్ళు ఇప్పటికీ 12.2 మీటర్లు, 18.3 మీటర్లు అని కడుతుంటారు, అవి పాత 40 అడుగులు, 60 అడుగులే. ఇనుప గడ్డర్లు ఉంటే వాటి పక్కటెముక మీద ఉబ్బెత్తు అక్షరాలు వెతకండి, తయారు చేసిన కంపెనీ పేరు పోతపోసినట్టు ఉంటుంది. డార్మన్ లాంగ్ అని ఉంటే ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన సరుకు, టాటా అని ఉంటే 1912 తర్వాతే, ఎందుకంటే జంషెడ్‌పూర్లో ఉక్కు తీయడం మొదలైందే అప్పుడు. పాత రైలు పట్టాలు తెచ్చి చిన్న కాలవల మీద దూలాలుగా వేసిన చోట్ల అయితే పట్టా మీద సంవత్సరమే ఉంటుంది, కానీ అది పట్టా పుట్టిన ఏడు, అది రైలు కింద ఎన్నేళ్ళు పనిచేసి ఇక్కడికి వచ్చిందో ఎవరు చెప్పొచ్చినారు.

శిలాఫలకం సంగతి అందరికీ తెలుసు కానీ ఎవరూ సరిగ్గా చదవరు. పిట్టగోడ మొదట్లో ఎడమ పక్క, కుడి పక్క, రెండు ఒడ్డుల్లోనూ, నాలుగు చోట్లా చూడండి. మా దాని మీద సున్నం పొరలు, దాని మీద ఎన్నికల పోస్టర్లు, దాని మీద కోచింగ్ సెంటర్ స్టిక్కరు. నీళ్ళు చల్లి గోనెసంచితో మెల్లగా రుద్దండి, ఇనుప బ్రష్షు పెట్టొద్దు, ఆసిడ్ అసలే వద్దు, నాపరాయి పెచ్చులుగా లేస్తుంది. అక్షరాలు చదవడానికి ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం మంచిది, లేదా రాత్రి టార్చి పక్కనుంచి వేయండి, పగలు కనబడని గీత నీడతో లేచి వస్తుంది. రూపాయలు అణాలు అని ఖర్చు రాసుంటే 1957 ఏప్రిల్ ముందు లెక్క, నయాపైసలు వచ్చింది అప్పుడే. మా ఫలకంలో మంత్రి పేరు సగం, తేదీ ఉండాల్సిన మూల విరిగిపోయి ఉంది. మన అదృష్టం.

ఇంక మనుషులు. నాకు అన్నిటికంటే ఎక్కువ దొరికింది ఇక్కడే, కానీ అడిగే పద్ధతి ఉంది. "బ్రిడ్జి ఎప్పుడు కట్టినారు అవ్వా" అంటే "ఏమో నాయనా, నాకేం తెలుసు" అంటారు, అంతటితో అయిపోతుంది. వాళ్ళ బతుకులో జరిగినదాన్ని పట్టుకుని అడగండి. మా వీధి చివర అవ్వ ఉంది, ఎనభై దాటి ఎన్నేళ్ళో ఆమెకే తెలీదు, అవతలి ఒడ్డు పల్లె నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. నేను అడిగింది "నువ్వు కాపరానికి వచ్చినప్పుడు ఏరు ఎట్ల దాటినావు" అని, అంతే. "నడిచి వచ్చినా నాయనా, మోకాళ్ళ దాకా నీళ్ళు, పట్టుచీర తడుస్తుందని మా యమ్మ పాతచీర కట్టించింది, ఒడ్డు ఎక్కినాక ఆ తుమ్మచెట్టు చాటున పట్టుచీర మార్చుకున్నా, మా నాయన నెత్తిన ట్రంకుపెట్టె పెట్టుకుని ముందు నడిచినాడు" అనింది. "మరి పెద్దోణ్ణి కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు?" అంటే "అప్పుడా, అప్పుడు బ్రిడ్జి మీదనే బండి తోలుకుపోయినాం, ఇంకా గోడలు లేవు, ఎద్దులు బెదిరినాయి" అని. చూడండి, పెళ్ళికి లేదు, మొదటి కాన్పుకు ఉంది, కానీ పిట్టగోడ ఇంకా కట్టలేదు. మధ్యలో మూడేళ్ళే. ఆ పెద్దోడు నాకు చిన్నాయన వరస, ఆయన స్కూలు సర్టిఫికెట్లో 1958 అని ఉంది.

కానీ సర్టిఫికెట్ తేదీని పూర్తిగా నమ్మొద్దు, ఆ రోజుల్లో బడి అయ్యవారు పిల్లోణ్ణి చూసి జూలై 1 అని ఒక తేదీ వేసేసేవాడు, మా నాయనదీ అదే, మా ఇంట్లో ముగ్గురి పుట్టినరోజు జూలై ఒకటే. ఒక ఏడు రెండేళ్ళు అటూ ఇటూ అనుకోండి. దానికి తోడు ఇంకో ఇద్దరి లెక్క కలవాలి. పాత బస్సు క్లీనరు, ఏటి కాపలా చేసినోళ్ళు, ఇసుక బండ్లు తోలినోళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, గుడి పూజారి, కాంట్రాక్టరు దగ్గర రాళ్ళు కొట్టినవాళ్ళ పిల్లలు, వీళ్ళను వదలొద్దు. ఊరి పెద్దల దగ్గర కంటే వీళ్ళ దగ్గరే అసలు సరుకు ఉంటుంది, పెద్దలు తమ తాత ఏం చేసినాడో చెప్పడానికే టైం సరిపోతుంది.

పెద్దోళ్ళు సంవత్సరాలను తెలుగు పేర్లతో చెబుతారు, అక్కడ జాగ్రత్త. ధాత అన్నారనుకోండి, అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది, 1876, 1936, 1996 మూడూ ధాతలే. సీమలో ధాత కరువు అంటే 1876లో మొదలైన ఆ పెద్ద కరువు, అది వాళ్ళ ముత్తాతల మాట, "ధాత కరువులో గంజి పోసి పని చేయించి కట్టినారు" అంటే అది విన్న కథ అని గుర్తుపెట్టుకోండి, చూసిన కథ కాదు. అట్లని కొట్టేయొద్దు కూడా, కరువు పనుల కింద రోడ్లు, చెరువు కట్టలు నిజంగానే వేయించినారు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ అని ఉంటుంది, దానికి 590 కలిపితే మన సంవత్సరం, జూలైలో మొదలై మరుసటి జూన్‌కు అయిపోతుంది, ఫసలీ 1334 అంటే 1924 జూలై నుంచి 1925 జూన్ దాకా.

ఇప్పుడు కాగితాలు. మొదట ఇంట్లో కూర్చుని ఫోన్లోనే దొరికేవి చూసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత జిల్లా పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, కడపకు గ్రిబుల్ 1875లో రాసిన మాన్యువల్, బ్రాకెన్‌బరీ 1915 గెజెటీరు, కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1886లో రాసిన మాన్యువల్, అనంతపురానికి ఫ్రాన్సిస్ 1905 గెజెటీరు. మొత్తం చదవక్కర్లేదు, రోడ్లు రాకపోకల గురించి ఒక అధ్యాయం ఉంటుంది, చివర్లో తాలూకాల వారీగా ఊర్ల మీద చిన్న చిన్న పేరాలుంటాయి, ఆ రెండూ చూస్తే చాలు. దాంట్లో మీ బ్రిడ్జి లేకపోతే అదీ ఒక జవాబే, ఆ పుస్తకం వచ్చేనాటికి చెప్పుకోదగ్గ బ్రిడ్జి లేదని ఒక అంచనా. మా ఊరికి అదే జరిగింది, 1915 పుస్తకంలో ఊరుంది, గుడి ఉంది, సంత ఉంది, ఏటి మీద ఏమీ లేదు. మన్రో కథ అక్కడికి ముగిసింది.

వెతికేటప్పుడు పాత స్పెల్లింగులు కొట్టాలి, లేకపోతే ఏమీ రాదు. కడపను కడ్డపా అని రాసేవాళ్ళు, ఇంగ్లీషు స్పెల్లింగు మారింది 2005లోనే. పెన్నను పెన్నార్ అనీ పెన్నేర్ అనీ రాసినారు. చెయ్యేరు, కుందేరు లాంటివి ఇంగ్లీషోడి చెవికి ఎట్ల వినబడితే అట్ల రాసుకున్నాడు, నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి.

జిల్లా గీతలు మారిన సంగతి కూడా దెబ్బ తీస్తుంది. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది, కాబట్టి తాడిపత్రి, గుత్తి వైపు అంతకు ముందు కాగితం ఏదైనా బళ్ళారి పేరు కింద ఉంటుంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్ళారే, అక్కడోళ్ళు 1904 బళ్ళారి గెజెటీరు చూడాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో ప్రకాశం వచ్చేదాకా కర్నూలు జిల్లా. ఇంక 2022 ఏప్రిల్లో అన్నమయ్య, నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాలు వచ్చినాక ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో ఆఫీసుల్లో వాళ్ళకే తెలీడం లేదు, వాళ్ళననీ లాభం లేదు.

మ్యాపులే నన్ను గట్టెక్కించినాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్లలో, అంటే ఏర్లు, రోడ్లు, గుట్టలు గీసిన మ్యాపుల్లో, మనది దాదాపు అంతా 57 నంబరు కింద వస్తుంది, కర్నూలు 57 ఐ, అనంతపురం 57 ఎఫ్, కడప, జమ్మలమడుగు, తాడిపత్రి 57 జె. కొత్తవి వాళ్ళ వెబ్‌సైట్లో పీడీఎఫ్ దొరుకుతుంది. పాతవి కావాలంటే టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్లో అమెరికా ఆర్మీ వాళ్ళు 1950లలో అచ్చేసిన ఇండియా మ్యాపులు స్కాన్ చేసి పెట్టినారు, ఎవరికైనా ఉచితం, మన సీమ మొత్తం ఉంది. ఏటి దగ్గర రోడ్డు గీత తెగకుండా అవతలికి పోయిందా, ఆగిపోయి అవతల మళ్ళీ మొదలైందా చూడండి. మ్యాపు అడుగున రెండు తేదీలుంటాయి, అచ్చేసిన ఏడు, సర్వే చేసిన ఏడు. మీకు కావాల్సింది సర్వే చేసింది, అచ్చు మాత్రం కొన్నిసార్లు ఇరవై ముప్పై ఏళ్ళ పాత సర్వే మీదనే వేస్తారు. 1960 నుంచి 1972 దాకా కాలానికి కొరోనా అనే అమెరికా గూఢచారి ఉపగ్రహాల ఫోటోలు యూఎస్‌జీఎస్ (అమెరికా జియలాజికల్ సర్వే) సైట్లో ఉన్నాయి, పేరు చూసి నవ్వొద్దు, ఆ రోగం కంటే అరవై ఏళ్ళు ముందుది. స్కాన్ అయినవి ఉచితంగా దించుకోవచ్చు. దాంట్లో మా బ్రిడ్జి తెల్ల ఇసుక మీద పెన్సిలు గీత లాగా కనబడినప్పుడు మా ఇంట్లో అందర్నీ పిలిచి చూపించినా, మా ఆవిడ "దీనికా రాత్రి పన్నెండు దాకా మేలుకున్నావు" అనింది.

ఊరికి దగ్గర్లో రైలు బ్రిడ్జి కూడా ఉంటే దాని జోలికి పోకండి, అంటే కాలు పెట్టొద్దని, పట్టాల మీద తిరిగితే కేసు. కానీ దూరం నుంచి చూసినా చాలా చెబుతుంది. మద్రాసు నుంచి రాయచూరు లైను 1871కి పూర్తయింది, కాబట్టి నందలూరు దగ్గర చెయ్యేరు, కమలాపురం దగ్గర పాపాఘ్ని, ఇట్లాంటి చోట్ల రైలు కోసం ఏటిని దాటింది అప్పుడే. రైలు ఇసుకలో దిగి ఎక్కలేదు కదా, బండి దిగుతుంది, తేడా అంతే. చాలామంది ఊర్లో "బ్రిటిషోళ్ళ బ్రిడ్జి" అని చెప్పుకునేది ఈ రైలు బ్రిడ్జినే, నోటిమాటలో అది జారి పక్కనున్న రోడ్డు బ్రిడ్జికి అంటుకుంటుంది. కర్నూల్లో హంద్రీ మీద కేసీ (కర్నూలు-కడప) కాలువ దాటే అక్విడక్టు ఉంది, దాన్నీ బ్రిడ్జి అనుకునేవాళ్ళను చూసినా. అది కాలువ నీళ్ళ కోసం కట్టింది, మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860లలో మొదలుపెట్టిన కాలువ, నష్టాలొచ్చి 1882లో సర్కారు కొనేసింది. రైలు పిల్లర్ల మీద హెచ్‌ఎఫ్‌ఎల్ అని గీత గీసి పక్కన సంవత్సరం రాసుంటుంది, ఇప్పటిదాకా వచ్చిన అన్నిటికంటే పెద్ద వరద మట్టం అది, ఫోన్లో జూమ్ చేసి ఫోటో తీసుకోండి. ఆ సంవత్సరంలో మీ రోడ్డు బ్రిడ్జికి ఏమైంది అని ఊర్లో అడగొచ్చు.

వరదలు తేదీలకు మంచి మేకులు. కర్నూలోళ్ళకు 2009 అక్టోబర్ 2 మర్చిపోయేది కాదు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినాయి. మా వైపు 2021 నవంబర్, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊర్లను ముంచింది, అదే వారంలో కమలాపురం దగ్గర పాపాఘ్ని బ్రిడ్జి కుంగి కూలింది. బ్రిడ్జి కూలిందంటే స్లాబ్ మీద నీళ్ళు పారి కాదు ఎక్కువసార్లు, పిల్లరు మొదట్లో సుడి తిరిగి ఇసుక కోసుకుపోతుంది, పునాది బయటపడుతుంది, ఒక పిల్లరు ఒరుగుతుంది. చుట్టుపక్కల ఇసుక తోడేసి ఏటి మట్టమే కిందికి దిగిపోయుంటే ఇంకా తొందరగా. మీ బ్రిడ్జి దిగువన ఇసుకలో మొండి రాతి దిమ్మెలు వరసగా కనబడితే అవి ఇంతకు ముందు పోయిన బ్రిడ్జివో చప్టావో, వాటి ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

సర్కారు కాగితం కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు. ఎవరి బ్రిడ్జో ముందు తెలుసుకోవాలి, ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, నేషనల్ హైవే, మున్సిపాలిటీ, ఇందులో ఒకరిది. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు వాళ్ళకు అదీ లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నా మొదటి దరఖాస్తులో "ఈ వంతెన చరిత్ర తెలపగలరు" అని రాసినా, ఒక ఆఫీసు వాళ్ళు మా పరిధి కాదన్నారు, రెండో ఆఫీసు వాళ్ళు సమాచారం లేదన్నారు, మూడోసారి పోతే మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. తప్పు నాదే సగం, ఆ చట్టంలో కాగితం అడగాలి, కథ అడగకూడదు. తర్వాత ఇట్ల రాసినా: "ఫలానా ఊరు నుంచి ఫలానా ఊరు రోడ్డులో కిలోమీటరు 23/4 వద్ద గల వంతెనకు సంబంధించి మీ కార్యాలయ బ్రిడ్జి రిజిస్టరులోని పేజీ నకలు, ఆ వంతెన డ్రాయింగు నకలు, వెడల్పు చేసిన పనికి పరిపాలనా మంజూరు ఉత్తర్వు నకలు ఇప్పించగలరు." ఆ 23/4 మీ నంబరు వేసుకోండి, బ్రిడ్జి పక్కన కిలోమీటరు రాయి, చిన్న రాళ్ళు చూసి పట్టుకోవచ్చు, ఆఫీసులో బ్రిడ్జికి పేరుండదు, ఆ నంబరే దాని పేరు. పేజీకి రెండు రూపాయలు కట్టినా, రిజిస్టరులో ఒక్క వరస వచ్చింది, కానాలు ఎన్ని, పొడవెంత, వెడల్పెంత, వెడల్పు చేసిన ఏడు. కట్టిన ఏడు గడిలో గీత. నవ్వాలో ఏడవాలో తెలీలేదు కానీ వెడల్పు తేదీ మాత్రం నా మెలికల కమ్మీతో కలిసింది.

ఇంకా ఓపికుంటే పాత ఆంధ్రపత్రిక స్కాన్లు, అసెంబ్లీ చర్చల పాత వాల్యూములు ఉన్నాయి, "ఫలానా ఏటి మీద వంతెన ఎప్పుడు కడతారు" అని ఎవరో ఒక ఎమ్మెల్యే అడిగే ఉంటాడు, ఎందుకంటే ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. స్వాతంత్ర్యానికి ముందు కాలం అయితే మద్రాసు ఎగ్మోరులోని ఆర్కైవ్స్, అది ఒకటి రెండు రోజుల పని కాదు, బస చేసుకునే పోవాలి. కడపలో సీపీ బ్రౌన్ లైబ్రరీకి పోతే కడప జిల్లా కైఫీయతులు చూడొచ్చు, అవి 1800ల మొదట్లో మెకంజీ అనే సర్వే దొర మనుషులు ఊరూరా తిరిగి రాయించుకున్న ఊరి చరిత్రలు, బ్రిడ్జి ఉండదు కానీ మీ ఊరి పాత పేరు, ఏటి పక్క గుడి సంగతి దొరకొచ్చు. నాకు మా వీధి పేరు ఎట్ల వచ్చిందో దాంట్లోనే దొరికింది, దాని కోసం పోలేదు.

చివరికి నాకు తేలింది ఇంత. కింద సున్నం పిల్లర్లు పాత చప్టాకు చెందినవి, వాటి ఏడు నాకు దొరకలేదు, 1915కి తర్వాత అని మాత్రం చెప్పగలను. స్లాబ్ వేసి బ్రిడ్జిగా లేపింది 1950ల చివర, అవ్వ మాట, నున్న కమ్మీ, అడుగుల కొలత, మ్యాపు, నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి. బ్రిటిషోళ్ళు వెళ్ళిపోయి పదేళ్ళయినాక మన పన్నులతో, మన కూలీలతో కట్టుకున్న బ్రిడ్జిని మనమే ఇన్నేళ్ళు దొరల ఖాతాలో రాసినాం, అదొక్కటి నాకు కొంచెం కష్టంగా ఉంది. రచ్చబండ దగ్గర చెబితే ఒకాయన ఇప్పటికీ ఒప్పుకోడు, "అంత గట్టిగా మనోళ్ళు కడతారా" అంటాడు.

రాసేటప్పుడు ప్రతి మాట పక్కన ఎవరు చెప్పినారు, చూసి చెప్పినారా విని చెప్పినారా, ఏ రోజు చెప్పినారు అని రాయండి, తెలిసింది వేరే, అనుకున్నది వేరే పేరాలో పెట్టండి. అచ్చు తీసి ఒకటి ఊరి లైబ్రరీలో, ఒకటి హైస్కూల్లో ఇవ్వండి. ఇచ్చే ముందు చెప్పినవాళ్ళకు చదివి వినిపించండి, ఇది మాత్రం తప్పించొద్దు. నేను అవ్వకు చదివి వినిపించినా, పట్టుచీర దగ్గర తలూపింది, ఎద్దులు బెదిరిన దగ్గర నవ్వింది, ట్రంకుపెట్టె దగ్గర ఆపింది. "మా నాయన కాదురా మోసింది, ఆయనకు అప్పటికే నడుం నొప్పి, మా మేనమామ మోసినాడు, ఆ రోజు నీకు తప్పు చెప్పినా" అనింది. ఇంటికొచ్చి మార్చినా.